చేప మేతలో పీచు: బస్తా మీది అంకె చెప్పేదెంత, దాచేదెంత

చేపల మేత బస్తా మీద నాలుగైదు అంకెలు అచ్చువేసి ఉంటాయి. ప్రోటీన్ కనీసం ఇంత, కొవ్వు కనీసం ఇంత, తేమ గరిష్ఠం ఇంత. వాటి మధ్యే ఎక్కడో 'ముడి పీచు గరిష్ఠం 6 శాతం' లాంటి వరుస ఒకటి కనిపిస్తుంది. ప్రోటీన్ అంకెను అందరూ చదువుతారు. పీచు దగ్గరికి వచ్చేసరికే మాటలు రెండు రకాలుగా వినిపిస్తాయి. పీచంటే పొట్టు, ఊక, బరువు కోసం కలిపే సరుకు అని కొందరంటారు. మనిషికి పీచు మంచిదని డాక్టర్లే చెబుతుంటే చేపకు మాత్రం చెడ్డదెలా అవుతుందని ఇంకొందరి ప్రశ్న.

ఈ వాదన ఇప్పుడు ముదరడానికి కారణం ఉంది. ఒకప్పుడు మేతలో ప్రోటీన్ ఎక్కువగా ఫిష్‌మీల్ (చిన్న చేపలను ఎండబెట్టి చేసే పొడి) నుంచే వచ్చేది. అందులో పీచు దాదాపు సున్నా. కానీ ఫిష్‌మీల్‌కి కావలసిన చిన్న చేపలు సముద్రంలో ఇంతకింత పెరగవు, పెంపకం మాత్రం పెరుగుతూనే ఉంది. దాంతో సోయా చెక్క, పొద్దుతిరుగుడు చెక్క, ఆవజాతి గింజల చెక్క, తవుడు వంటివి మేతలో చోటు సంపాదించాయి. మొక్క దగ్గర ప్రోటీన్ తీసుకుంటే దాని గోడలు కూడా వెంట వస్తాయి. ఆ గోడలే పీచు.

పీచు ఒక పదార్థం కాదు

స్టార్చ్ గ్లూకోజ్ గొలుసు. సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. తేడా అంతా ఒక పూసను ఇంకో పూసకు తగిలించిన పద్ధతిలో ఉంది. స్టార్చ్‌లోని లింకును చేప జీర్ణరసాలు తెంపగలవు, సెల్యులోజ్‌లోని లింకును తెంపలేవు. స్టార్చ్ మేత అయిందీ, సెల్యులోజ్ పీచు అయిందీ ఈ ఒక్క తేడా వల్లే.

సెల్యులోజ్‌తో పాటు మొక్క కణం గోడలో హెమిసెల్యులోజ్, పెక్టిన్, కొన్ని ధాన్యాల్లో బీటా గ్లూకాన్ ఉంటాయి. వీటన్నిటినీ కలిపి స్టార్చ్ కాని పాలీశాకరైడ్లు (పొడవైన చక్కెర గొలుసులు) అంటారు. ముదిరిన కాడల్లో, పొట్టులో లిగ్నిన్ ఉంటుంది. అది అసలు పిండిపదార్థమే కాదు, కొయ్యకు గట్టితనం ఇచ్చే వస్తువు. సోయా వంటి పప్పుజాతి గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చిన్న గొలుసులు కూడా ఉంటాయి, వాటినీ చేప అరిగించుకోలేదు.

పనికొచ్చే విభజన మాత్రం ఒకటే: నీటిలో కరిగేదా, కరగనిదా. ఒక గ్లాసు నీటిలో చెంచాడు ఊక వేసి కలపండి. కాసేపటికి ఊక పైన కొంత, అడుగున కొంత చేరుతుంది, నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ఇంకో గ్లాసులో గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ పొడి చెంచాడు వేసి కలిపి చూడండి. కాసేపట్లో చెంచా తిప్పడం కష్టమవుతుంది, పైకి ఎత్తితే తీగలాగా సాగుతుంది. పేరుకు రెండూ పీచే. చేప పేగులోకి వెళ్లాక రెండూ చేసే పనులు వేరు.

ఆ ముడి పీచు అంకె ఎలా పుడుతుంది?

మేత నమూనాను మెత్తగా పొడిచేసి, కొవ్వు తీసేసి, పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అరగంట మరిగిస్తారు. వడగట్టి కడిగి, పలచని కాస్టిక్ సోడాలో మరో అరగంట మరిగిస్తారు. మిగిలిన పిప్పిని ఆరబెట్టి తూస్తారు. తర్వాత దాన్ని కొలిమిలో కాల్చి, బూడిదను తూస్తారు. కాలిపోయినంత బరువే 'ముడి పీచు'. 1860లలో జర్మనీలోని వేండె పరిశోధన కేంద్రంలో హెన్నెబర్గ్, స్టోమన్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి ఇది. పశువుల మేత కోసం పుట్టిన ఈ పరీక్షే నేటికీ లేబుళ్ల మీద నడుస్తోంది.

చిక్కు ఎక్కడంటే, ఆ మరిగించడంలో కరిగే పీచు దాదాపు అంతా కొట్టుకుపోతుంది. హెమిసెల్యులోజ్‌లో చాలా భాగం, లిగ్నిన్‌లో కొంత కూడా పోతాయి. ముఖ్యంగా మిగిలేది సెల్యులోజ్. అంటే పేరు పీచే అయినా, కొలిచేది పీచులో ఒక ముక్కనే. గోధుమ తవుడునే తీసుకుంటే ముడి పీచు 10 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అదే తవుడును 1960లలో వాన్ సోస్ట్ అనే శాస్త్రవేత్త తెచ్చిన ఎన్‌డీఎఫ్ పద్ధతిలో (డిటర్జెంట్ ద్రావణంలో మరిగించి మిగిలినదాన్ని తూచే పద్ధతి) కొలిస్తే 40 శాతం చుట్టుపక్కల వస్తుంది. ఎన్‌డీఎఫ్ కూడా కరిగే పీచును పట్టుకోదు, అది వేరే సంగతి.

ఒక చిన్న లెక్క చూద్దాం. మేతలో సోయా చెక్క 40 శాతం వేశారనుకుందాం. ఆ చెక్కలో ముడి పీచు 6 శాతం, స్టార్చ్ కాని పాలీశాకరైడ్లు సుమారు 20 శాతం. మేతకు ఆ చెక్క నుంచి చేరే ముడి పీచు 2.4 శాతమే, కానీ చేప అరిగించుకోలేని పాలీశాకరైడ్లు 8 శాతం. బస్తా మీద కనిపించేది మొదటి అంకె. పేగు చూసేది రెండోది.

పురుగుల పొడితో చేసే మేతలు వచ్చాక ఇంకో తిరకాసు చేరింది. పురుగుల పైపెంకులోని కైటిన్ ఒక రకంగా జంతువుల పీచు. అందులో నైట్రోజన్ ఉంటుంది. ప్రోటీన్‌ను మనం కొలిచేది నైట్రోజన్ చూసి, దాన్ని 6.25తో హెచ్చించి. కాబట్టి కైటిన్‌లో కొంత భాగం ప్రోటీన్ వేషంలో లేబుల్ ఎక్కేస్తుంది. అందుకే పురుగుల పొడికి 6.25 బదులు 4.76తో హెచ్చించడం సబబని కొందరు పరిశోధకులు చూపించారు.

ఆవు కడుపు కాదు, చేప పేగు

ఆవు గడ్డి తిని బతుకుతోంది కదా, చేపెందుకు బతకలేదు? ఆవు కూడా సెల్యులోజ్‌ను సొంతంగా తెంపలేదు. దాని కడుపులో వంద లీటర్లకు పైబడిన పులియబెట్టే తొట్టి ఉంది, అందులో సూక్ష్మజీవులు ఉన్నాయి, లోపల 39 డిగ్రీల వెచ్చదనం ఉంది, గడ్డి అక్కడ రోజుల తరబడి నానుతుంది. పైగా ఆవు దాన్ని మళ్లీ నెమరేస్తుంది. చేపకు వీటిలో దాదాపు ఏదీ లేదు. ఒంటి వేడి నీటి వేడే. మేత పేగులో ఉండేది చాలా జాతుల్లో కొన్ని గంటల నుంచి ఒక రోజు వరకు. కార్ప్ జాతికైతే అసలు జీర్ణాశయమే లేదు, గొంతు దాటితే నేరుగా పేగే.

అలాగని చేపలన్నీ ఒకటి కాదు. సాల్మన్, ట్రౌట్ లాంటి మాంసాహారుల పేగు దాదాపు ఒంటి పొడవుకు మించదు. తిలాపియా, వెండిచేప (సిల్వర్ కార్ప్) లాంటి వాటి పేగు ఒంటికి ఎన్నో రెట్లు పొడవుండి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. పొడవైన పేగులో మేత ఎక్కువసేపు ఉంటుంది, సూక్ష్మజీవులకు కొంత తీరిక దొరుకుతుంది. పేగు బాక్టీరియా కొద్దిగా సెల్యులేజ్ (సెల్యులోజ్‌ను తెంపే ఎంజైమ్) తయారుచేస్తున్నట్టు చాలా జాతుల్లో కనిపించింది. కానీ బాక్టీరియా ఉందని చూపించడం వేరు, దాని వల్ల చేపకు లెక్కకు వచ్చేంత శక్తి అందుతోందని చూపించడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పే వ్యాసాలు బోలెడన్ని. సముద్రపు నాచు మేసే కైఫోసస్ లాంటి కొన్ని చేపల్లో పేగు చివర నిజంగానే పులియడం జరుగుతుంది. పెంపకంలో ఉన్న జాతుల్లో ఆ వాటా చిన్నది.

గడ్డిచేప (గ్రాస్ కార్ప్) ఉదాహరణ చూస్తే విషయం తేటగా ఉంటుంది. పేరులోనే గడ్డి ఉంది, తినేదీ గడ్డే. అయినా దాని పేగు ఒంటి పొడవుకు రెండు మూడు రెట్లే, శాకాహారికి అది పొట్టి పేగే. మరి ఎలా నెట్టుకొస్తోంది? గొంతులో ఉన్న పళ్లతో ఆకును కరకర నమిలి, కణాల గోడలు చీల్చి, లోపలి రసం పీల్చుకుంటుంది. గోడలు మాత్రం అలాగే బయటికి పోతాయి. గడ్డి వేసిన మర్నాడు దాని మలం చేతిలోకి తీసుకుని నీళ్లలో విడదీస్తే పచ్చటి ఆకు తునకలు, ఈనెల ముక్కలు ఇంకా గుర్తుపట్టేలా కనిపిస్తాయి. సగం సరుకు వృథా అవుతుంది కాబట్టే అది రోజంతా మేస్తూనే ఉంటుంది.

కొయ్య కొరికే క్యాట్‌ఫిష్ కథ ఇంకా తమాషా. దక్షిణ అమెరికాలోని పనాక్ అనే జాతి మునిగిన దుంగలను గీరి తింటుంది. కొయ్యనే అరిగించుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. పరీక్షించి చూస్తే కొయ్య నాలుగు గంటలు కూడా పేగులో నిలవడం లేదు. ఆ కొయ్యతో పాటు వచ్చే కుళ్లు, సూక్ష్మజీవులు, వాటి మధ్య దొరికే చిన్న చిన్న పిండిపదార్థాలే దాని ఆహారం.

చోటు తినేసే పీచు

కరగని పీచు చేసే నష్టం చాలావరకు విషం లాంటిది కాదు, బస్సులో సీటు ఆపుకున్న సంచి లాంటిది. కూర్చోవలసిన ప్రోటీన్‌కి, కొవ్వుకి చోటు లేకుండా చేస్తుంది. లెక్క వేస్తే ఇలా ఉంటుంది. అంకెలు ఉదాహరణ కోసమే.

వంద గ్రాముల చేప రోజుకు 3 గ్రాముల మేత తింటోంది. మేతలో ప్రోటీన్ 30 శాతం, అందులో అరిగేది 85 శాతం. అంటే ఒంటికి పట్టే ప్రోటీన్ 3 × 0.30 × 0.85 = 0.765 గ్రాములు. ఇప్పుడు అదే మేతలో ఐదో వంతు తీసేసి ఆ మేరకు ఉత్త సెల్యులోజ్ కలిపామనుకుందాం. ప్రోటీన్ 24 శాతానికి పడిపోయింది. అదే 0.765 గ్రాములు అందాలంటే చేప 3.75 గ్రాములు తినాలి.

చాలాసార్లు చేప అలాగే తింటుంది కూడా. చేప ఆకలిని చాలావరకు నడిపేది శక్తి అవసరం, కడుపులోని బరువు ఒక్కటే కాదు. రెయిన్‌బో ట్రౌట్‌కి మేతలో 30 శాతం దాకా సెల్యులోజ్ కలిపినా ఎక్కువ తిని సర్దుకోవడం, ఆ పైన మాత్రం సర్దుకోలేకపోవడం ప్రయోగాల్లో కనిపించింది. అంటే పెరుగుదల ఒక హద్దు వరకు తగ్గదు. తగ్గేది మేత సామర్థ్యం. మేత మార్పిడి నిష్పత్తి (కిలో చేప పెరగడానికి పట్టే మేత కిలోలు) 1.6 ఉన్నది ఈ లెక్కన 2.0 అవుతుంది, కిలో చేపకు నాలుగు వందల గ్రాముల మేత అదనం. చేప బాగానే పెరిగింది కాబట్టి పీచు ఏమీ చేయలేదనే వాళ్లు, పీచు ఖర్చు పెంచిందనే వాళ్లు ఒకే చెరువును చూసి మాట్లాడుతూ ఉండవచ్చు.

పేగు పట్టేది 3.5 గ్రాములే అయితే? అప్పుడు దక్కే ప్రోటీన్ 0.714 గ్రాములు. లోటు ఏడు శాతం లోపే, పెద్దదిగా అనిపించదు. కానీ చేప ముందు ఒళ్లు నిలబెట్టుకుంటుంది, తర్వాతే పెరుగుతుంది. ఒళ్లు నిలబెట్టుకోవడానికి 0.255 గ్రాములు పోతాయనుకుంటే పెరుగుదలకు మిగిలేది మొదటి మేతతో 0.51, రెండో మేతతో 0.459. అంటే సరిగ్గా పది శాతం కోత. పిల్ల చేపల్లో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే వాటి పేగు చిన్నది, పెరిగే తొందర పెద్దది. మేత రూపొందించేవాళ్లు ముడి పీచును సాధారణంగా 8 నుంచి 10 శాతం దాటనివ్వకపోవడం, పిల్లల మేతలో, మాంసాహార చేపల మేతలో ఇంకా కిందే ఉంచడం ఈ లెక్క వల్లే.

జిగురుగా మారే పీచు

కరిగే పీచు సంగతి వేరు. అది చోటు తక్కువే తీసుకుంటుంది, కానీ పేగులో ఉన్న సరుకు మొత్తాన్ని చిక్కబరుస్తుంది. ఎంజైమ్‌లు మేత ముక్కను చేరడం, అరిగిన పోషకం పేగు గోడను చేరడం రెండూ నెమ్మదిస్తాయి. ఎక్కువ నష్టపోయేది కొవ్వు. కొవ్వు అరగాలంటే పైత్యరసంలోని లవణాలు దాన్ని చిన్న బిందువులుగా విడగొట్టాలి. జిగురులో ఆ పని సాగదు, పైగా కొంత పైత్య లవణం పీచుకు అంటుకుని మలంతో పోతుంది. పోయినదాన్ని భర్తీ చేయడానికి కాలేయం కొలెస్ట్రాల్‌నూ, టారిన్ అనే అమైనో ఆమ్లాన్నీ ఖర్చు పెట్టాలి. మొక్కల మేతల్లో ఈ రెండూ ముందే తక్కువ.

మనిషికి కొలెస్ట్రాల్ తగ్గించే పీచు అని మెచ్చుకునేది సరిగ్గా ఈ పనినే. మనిషికి కొలెస్ట్రాల్ ఎక్కువై తిప్పలు, మొక్కల మేత తినే సాల్మన్‌కి తక్కువై తిప్పలు. 'మనకు మంచిది కాబట్టి చేపకూ మంచిదే' అనే వాదన ఇక్కడే బెడిసికొడుతుంది.

పీచు మీద పడే పరాయి నేరాలు

సోయా చెక్క ఎక్కువ పెట్టిన సాల్మన్‌కి పేగు చివరి భాగం వాచిపోతుంది. లోపలి మడతలు పొట్టివవుతాయి, వాపు కణాలు చేరతాయి. 1990లలో దీన్ని వివరంగా నమోదు చేశారు. పీచు వల్లేనని అనుకోవడం సులువే, కానీ ముఖ్య కారణంగా తేలింది సోయాలోని సాపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలు. ఆల్కహాల్‌తో కడిగి సాపోనిన్లు తీసేసిన సోయా ప్రోటీన్ కాన్‌సెంట్రేట్‌లో కరగని పీచు ఇంకా ఉన్నా, ఆ వాపు కనిపించదు. తవుళ్లలో భాస్వరం ఉన్నా చేపకు అందకపోవడం కూడా అలాంటిదే. మొక్కల భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే, చేప విడగొట్టలేని రూపంలో బిగుసుకుని ఉంటుంది. పీచు, ఫైటేట్, సాపోనిన్, టానిన్ ఒకే పొట్టులో కలిసి కాపురం ఉంటాయి కాబట్టి ఒకరి తప్పు ఇంకొకరి ఖాతాలో పడుతుంటుంది.

మరి కొంచెం పీచు మంచిదేనా?

చేపకు పీచు తప్పనిసరి అని ఎవరూ నిరూపించలేదు. విటమిన్లకు, అమైనో ఆమ్లాలకు ఉన్నట్టు పీచుకు 'కనీస అవసరం' అనే అంకె లేదు. అయినా కొన్ని ప్రయోగాల్లో తిలాపియాకు 2.5 నుంచి 5 శాతం దాకా సెల్యులోజ్ కలిపిన మేత, అసలేమీ కలపనిదాని కంటే బాగా పనిచేసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే నిపుణులు విడిపోతారు. కొద్దిపాటి పీచు మేతను పేగులో సరైన వేగంతో కదిలిస్తుందని, గ్లూకోజ్ ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా ఆపుతుందని ఒక వివరణ. చేపలు గ్లూకోజ్‌ను వాడుకోవడంలో నిదానం కాబట్టి ఇందులో అర్థం ఉంది. శుద్ధిచేసిన కేసిన్ (పాల ప్రోటీన్), డెక్స్ట్రిన్ (ముక్కలు చేసిన స్టార్చ్) లాంటివాటితో చేసే ప్రయోగశాల మేతలో పీచు సున్నా ఉండటమే అసహజమని, మామూలు మేతలో ఎలాగూ 3, 4 శాతం ఉంటుంది కాబట్టి ఈ ఫలితానికి చెరువు గట్టు మీద విలువ తక్కువని ఇంకో వివరణ. నాకు రెండోదే ఎక్కువ నమ్మదగినదిగా అనిపిస్తుంది.

ఇలాంటి ఫలితాలు చదివేటప్పుడు వెతకవలసింది ఒకటుంది: పీచు వేయడానికి ఏం తీసేశారు? ట్రౌట్ మేతలో స్టార్చ్ తీసి సెల్యులోజ్ వేస్తే పెద్దగా ఏమీ జరగకపోవచ్చు, ఎందుకంటే ఆ స్టార్చ్‌ను ట్రౌట్ ఎలాగూ సరిగా వాడుకోదు. ప్రోటీన్ తీసి వేస్తే దెబ్బ వెంటనే కనిపిస్తుంది. రెండు ప్రయోగాల్లోనూ పీచు 10 శాతమే కావచ్చు, తీర్పులు మాత్రం ఎదురెదురుగా ఉంటాయి.

పేగులోని మేలు బాక్టీరియాకు మేతగా, ప్రీబయోటిక్‌ల పేరుతో అమ్మేవి కూడా పీచు కుటుంబమే. ఇనులిన్, ఫ్రక్టో ఓలిగోశాకరైడ్లు, ఈస్ట్ కణాల గోడ నుంచి వచ్చే మన్నాన్లు, బీటా గ్లూకాన్లు అందులోవి. వీటిని ఎనర్జీ కోసం వేయరు. కొన్నిటిని పేగు బాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ చేస్తుంది. పేగు గోడ కణాలకు బ్యుటిరేట్ తిండి. ఈస్ట్ బీటా గ్లూకాన్‌ను చేప రోగనిరోధక కణాలు ఏదో శిలీంధ్రం చొరబడిందన్నట్టు గుర్తుపట్టి అప్రమత్తం అవుతాయి. ప్రయోజనం కనిపించిన ప్రయోగాలు చాలానే ఉన్నాయి, ఏమీ కనిపించనివీ ఉన్నాయి. జాతి, నీటి వేడి, మోతాదు మారితే ఫలితం మారుతోంది. మోతాదు ఎంత ముఖ్యమో ఆర్కిటిక్ చార్ అనే చల్లనీటి చేప చూపించింది. దాని మేతలో 15 శాతం ఇనులిన్ వేస్తే పేగు గోడ కణాలే దెబ్బతిన్నాయి. ప్రీబయోటిక్‌గా వాడేది సాధారణంగా ఒకటి రెండు శాతం, అంతకంటే తక్కువ కూడా.

పీచును తగ్గించడం ఎంత తేలిక?

పొట్టు తీసేయడం అన్నిటికంటే పాత దారి. పొట్టుతో ఆడించిన సోయా చెక్కలో ముడి పీచు 7 శాతం ఉంటే, పొట్టు తీసినదానిలో మూడున్నర దగ్గరికి వస్తుంది. పులియబెట్టడం ఇంకో దారి. ఈస్ట్, ఆస్పర్‌జిల్లస్, బాసిల్లస్ లాంటివి చేప పేగు చేయలేని పనిలో కొంత బయటే చేసిపెడతాయి.

పీచు గొలుసులను తెంపే జైలనేజ్, బీటా గ్లూకనేజ్ లాంటి ఎంజైమ్‌లు కలపడం కాగితం మీద చాలా ఆకర్షణీయం. రెండు అడ్డంకులున్నాయి. తేలే గుళికల మేత తయారీలో యంత్రం వేడి వంద డిగ్రీలు దాటుతుంది, ఎంజైమ్ అక్కడే చచ్చిపోతుంది. అందుకే గుళిక చల్లారాక పైన పిచికారీ చేయాలి. రెండోది, వీటిలో చాలావాటికి ఇష్టమైన వేడి 40 నుంచి 60 డిగ్రీలు. కోడి ఒంట్లో ఆ వెచ్చదనం ఉంది. 15 డిగ్రీల నీటిలో ఈదే ట్రౌట్ పేగులో లేదు. కోళ్ల మేతలో పేరు తెచ్చుకున్న ఎంజైమ్ చేప దగ్గర అంత మెరవకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

చేప వదిలేశాక

తిన్న పీచు ఎక్కడికీ పోదు, నీటిలోకే వస్తుంది. పై లెక్కలో ఒక్కో చేప రోజుకు 0.75 గ్రాముల సెల్యులోజ్ అదనంగా మింగింది. పదివేల చేపలుంటే రోజుకు ఏడున్నర కిలోల ఎండు పీచు అదనంగా అడుగున చేరుతుంది. సెల్యులోజ్ కుళ్లడం నెమ్మది కాబట్టి ఆక్సిజన్ మీద భారం ఒక్కరోజులో కనిపించదు, వారాల మీద పేరుకుంటుంది. నీటిని తిప్పి తిప్పి వాడే ట్యాంకుల్లో ఇది ఇంకా ఇబ్బంది. మలం చిన్న రేణువులుగా విడిపోతే ఫిల్టర్‌కు చిక్కదు, మొప్పలకు మాత్రం చిక్కుతుంది.

దీనికి దొరికిన ఉపాయాల్లో ఒకటి గ్వార్ గమ్. పేగును జిగురు చేసి కొవ్వును అరగనివ్వదని పైన చెప్పుకున్న ఆ పీచే. ట్రౌట్ మేతలో వెయ్యి పాళ్లకు మూడు పాళ్ల లాంటి కొద్ది మోతాదులో కలిపితే అరుగుదలను పెద్దగా చెడగొట్టకుండా మలాన్ని గట్టి ముక్కలుగా పట్టి ఉంచుతుంది, ఫిల్టర్ జల్లెడ దాన్ని సులువుగా ఎత్తి పారేస్తుంది. అంత కొద్ది మోతాదు కాబట్టి బస్తా మీది ముడి పీచు అంకె కూడా కదలదు.